బబుల్ ట్యూబుకు జీతం అక్కరలేదు

ప్రత్యేక అవసరాల పిల్లల కోసం వెలుగులు, స్పర్శలతో తయారుచేసే సెన్సరీ రూమ్‌ల ప్రారంభోత్సవాల ఫొటోలు ఎక్కడ తీసినా ఒకే తీరుగా ఉంటాయి. చీకటి చేసిన గది, ఒక మూల నీటి బుడగలు లేస్తూ రంగులు మారే బబుల్ ట్యూబు, గోడ మీంచి వేలాడే ఫైబర్ ఆప్టిక్ తీగలు, నేలంతా మెత్తని పరుపులు, రంగు బంతుల తొట్టి. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి ట్యూబు మీద చెయ్యి వేసి కెమెరా వైపు చూస్తుంటాడు. చుట్టూ ఇరవై మంది అధికారులు. ఆ హడావిడిలో చెవులు మూసుకున్న పిల్లవాడొకడు ఫొటో అంచున దొరుకుతాడు. మర్నాటి నుంచి ఆ గదిలో అతనితో కూర్చోవలసిన థెరపిస్టు ఎవరో మాత్రం ఏ ఫొటోలోనూ కనిపించదు. చాలా చోట్ల అలాంటి మనిషే లేరు కాబట్టి.

గది మీద నాకు కోపం లేదు. కానీ ప్రత్యేక అవసరాల పిల్లల బడికి గానీ, వారి కోసం మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి గానీ పెట్టే తొలి రూపాయి థెరపిస్టు జీతానికి వెళ్లాలి. ఆ తర్వాత మిగిలినదే సామగ్రికి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ వరుస తిరగబడింది.

అసలు ఈ గదుల పుట్టుక చూస్తే గందరగోళం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. 1970లలో నెదర్లాండ్స్‌లో యాన్ హుల్సెగీ, ఆడ్ వెర్హ్యూల్ అనే ఇద్దరు, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవారి కోసం వెలుగులు, వాసనలు, స్పర్శలతో ఒక విశ్రాంతి స్థలం తయారుచేశారు. స్నూజెలెన్ అని పేరు పెట్టారు. ఏదో నేర్పించాలనే పట్టుదల అందులో లేదు. వచ్చినవారు కాసేపు హాయిగా ఉంటే చాలు. అంతకు ముందు నుంచే అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తీర్చిదిద్దే చికిత్సకురాలు) జీన్ ఏయర్స్ మరో దారిలో పనిచేస్తూ వచ్చారు. ఆమె పద్ధతిలో ఊయలలు ఉన్నాయి, ఎక్కే మెట్లున్నాయి, పిల్లవాడు స్వయంగా చెయ్యవలసిన పనులున్నాయి. శిక్షణ పొందిన థెరపిస్టు ప్రతి నిమిషం అతన్ని గమనిస్తూ పని కష్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. మన బడుల బ్రోచర్లు మొదటిదాని సామాను కొని రెండోదాని ఫలితాలు వస్తాయని ప్రకటిస్తున్నాయి.

సీలింగు కొక్కేనికి వేలాడే పలక ఊయలనే తీసుకోండి. పిల్లవాడిని దాని మీద బోర్లా పడుకోబెట్టి, నేల మీద పరిచిన రింగులను ఒక్కొక్కటే ఏరి కొయ్యకు తొడగమంటారు. చూసేవారికి అది ఆటే. లోపల జరిగేది వేరు: తల ఎత్తి నిలపడానికి మెడ కండరాలు, ఒళ్లు జారిపోకుండా వీపు కండరాలు, రింగును అందుకోవడానికి కన్నూ చెయ్యీ కలిసి పనిచేస్తాయి. ముందుకూ వెనక్కూ నిదానంగా ఊపితే కొందరు పిల్లలు నెమ్మదిస్తారు. అదే ఊయలను గిరగిరా తిప్పితే కొందరు ఉత్సాహంతో కేరింతలు కొడతారు, కొందరు వాంతి చేసుకుంటారు. ఈ పిల్లవాడు ఏ రకమో, ఈ రోజు ఎంతసేపు చాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన మనిషి లేకపోతే ఆ ఊయల పార్కులో ఉయ్యాలే. మూర్ఛలు వచ్చే పిల్లవాడి ముందు తళుక్కుమని వెలిగి ఆరే దీపం పెడితే ప్రమాదం కూడా.

ఒక మండల కేంద్రంలో ఇది కళ్లారా చూశాను. గది ఉంది, తాళం ఉంది. తాళంచెవి ప్రధానోపాధ్యాయుడి బీరువాలో ఉంది. బంతుల తొట్టికి చుట్టిన ప్లాస్టిక్ కవరు తీయనే లేదు. వస్తువు పాడైతే స్టాకు రిజిస్టరులో ఎవరు సంతకం పెట్టాలి, ఎవరు సమాధానం చెప్పాలి అన్నది అక్కడి అసలు చింత. ఆయనను తప్పుపట్టలేం. వాడటం తెలిసినవారిని ఆయనకు ఎవరూ పంపలేదు.

పరిశోధనలు ఏమంటున్నాయో చూద్దాం. ఏయర్స్ దారిలో సాగే ఇంద్రియ సమన్వయ చికిత్సలకు ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లోనే వైద్యులకు సూచించింది. బ్రిటన్‌లో 138 మంది ఆటిజం పిల్లలపై జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో, ఈ చికిత్స పొందినవారికి చిరాకు, అలజడి విషయంలో మామూలు సేవలు పొందినవారి కన్నా అదనపు మేలు కనిపించలేదు. ఒక్కో పిల్లవాడికి విడిగా పెట్టుకున్న రోజువారీ లక్ష్యాల్లో మాత్రం కొంత మెరుగు కనిపించింది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. చొక్కా గుండీ పెట్టుకోవడం, అన్నంలో పెరుగు తగిలినా ముద్ద మింగడం, క్షౌరశాల కుర్చీలో పది నిమిషాలు కూర్చోవడం లాంటి లక్ష్యాన్ని తల్లిదండ్రులతో కూర్చుని ఎంచుకునేది ఎవరు? బబుల్ ట్యూబు కాదు కదా!

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది కార్డిఫ్ విశ్వవిద్యాలయం వారి 2021 నాటి అధ్యయనం. నాలుగు నుంచి పన్నెండేళ్ల ఆటిజం పిల్లలు 41 మందిని సెన్సరీ గదిలోకి తీసుకెళ్లి, కొంతసేపు మీటలు వాళ్ల చేతికే ఇచ్చారు, కొంతసేపు ఇవ్వలేదు. వెలుగు ఎప్పుడు మారాలో, శబ్దం ఎప్పుడు ఆగాలో తామే నిర్ణయించుకున్నప్పుడు పిల్లల్లో ఏకాగ్రత పెరిగింది, ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేయడం తగ్గింది. గది అదే, పరికరాలు అవే. మారింది మీట ఎవరి చేతిలో ఉందన్నదే. ఇప్పుడు మన గదుల్లో స్విచ్చులు ఎక్కడున్నాయో చూడండి: తలుపు పక్కన, పెద్దవాళ్ల భుజం ఎత్తున. పిల్లవాడిని లోపల కూర్చోబెట్టి అన్నీ ఒక్కసారి వేసేస్తారు. పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు నిలబెట్టి, కూర్చోబెట్టి, లాక్కెళ్లే పిల్లవాడికి ఇది మరో లాక్కెళ్లడమే. అతను ఇష్టపడే వెలుగేదో, భరించలేని శబ్దమేదో కనిపెట్టి మీటను చేతికి అందించడానికి ఓపికా సమయమూ ఉన్న ఒక మనిషి కావాలి. మళ్లీ అక్కడికే వస్తున్నాం.

తల్లిదండ్రుల వైపు నుంచి ఒక మాట వినిపిస్తుంది. "నగరంలో డబ్బున్నవాళ్ల పిల్లలకు ఇవన్నీ ఉన్నాయి. మా ఊరికి ముందు గదైనా రానివ్వండి, మనిషి తర్వాత వస్తారు." ఆ ఆవేదన న్యాయమైనదే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థకు శ్రీకాకుళం నుంచీ ఆదిలాబాద్ నుంచీ పిల్లలను తెచ్చి, బోయినపల్లి చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉంటూ థెరపీ చేయించే కుటుంబాల కష్టం చిన్నది కాదు. కానీ గది ముందు వచ్చిన చోట మనిషి తర్వాత రావడం నేను చూడలేదు. గది వచ్చాక ఆ పద్దు ముగిసినట్టే లెక్క.

ఇంకో సంగతి. పిల్లవాడు సెన్సరీ గదిలో గడిపేది వారానికి ఒకటి రెండు గంటలు. మిగతా సమయమంతా మామూలు బడిలోనే. అక్కడ ఇనుప పట్టాలను సుత్తితో కొట్టే గంట, రేకుల కప్పు మీద వాన, మధ్యాహ్న భోజనం వేళ వంద స్టీలు కంచాల చప్పుడు. కంచాల చప్పుడుకు భోజనం మానేసే పిల్లవాడికి కావలసింది పది నిమిషాలు ముందుగా వరండాలో ఓ పక్కన వడ్డించడం. గంటకు ఉలిక్కిపడేవాడికి, ఇప్పుడు గంట కొడతారని ముందే బొమ్మ కార్డు చూపడం. తరగతిలో ఒక మూల చాప, చప్పుడు తగ్గేలా చెవులకు కప్పుకునే ఇయర్‌మఫ్‌లు. వీటన్నిటికీ కలిపి ఒక బబుల్ ట్యూబు ఖరీదు కూడా కాదు. అయితే వీటికి రిబ్బను కత్తిరించడం కుదరదు.

రిబ్బను సంగతి సరదాకు అనలేదు. మన పాలన మొత్తం భవనాలను ప్రేమించి మనుషులను భారంగా చూస్తుంది. ఆసుపత్రికి స్కానింగ్ యంత్రం వస్తుంది, టెక్నీషియన్ రాడు. గ్రంథాలయానికి కొత్త భవనం వస్తుంది, గ్రంథపాలకుడి పోస్టు ఖాళీగానే ఉంటుంది. యంత్రం ఒక్కసారి ఖర్చు, దాని మీద పేరు చెక్కవచ్చు. జీతం నెలనెలా ఖర్చు, పైగా ఆ జీతగాడు రేపు క్రమబద్ధీకరణ అడుగుతాడు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులదీ ఇదే దారి. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభంలో 2 శాతం ఖర్చు పెట్టవలసిన పెద్ద సంస్థలు బడికి గది ఇస్తాయి, సామాను ఇస్తాయి. జీతాలంటే నిబంధనలు ఒప్పుకోవని చేతులెత్తేస్తాయి. అది సాకు మాత్రమే. 5 శాతం పరిమితి ఉన్నది కంపెనీ సొంత పాలనా ఖర్చులకు. ప్రాజెక్టులో నేరుగా పనిచేసే ఉపాధ్యాయుడి జీతం అందులోకి రాదని కేంద్రమే వివరణ ఇచ్చింది.

ఇక భవిత కేంద్రాల్లో పిల్లలకు చదువు చెప్పే ఐఈఆర్‌పీల (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్ల) పరిస్థితి అందరికీ తెలిసిందే. ఏళ్ల తరబడి ఒప్పంద ఉద్యోగం. చదువు చెప్పేదీ వారే, వైద్య శిబిరాలకు పిల్లలను తీసుకెళ్లేదీ వారే, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లేదీ వారే, వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించేదీ వారే. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు కోసం తల్లులు పిల్లలను చంకనేసుకుని బస్సు దిగుతారు. ఆ రోజు సెలవు పడితే మళ్లీ వారమే. స్పీచ్ థెరపిస్టు దొరకడం అంతకన్నా అరుదు.

సుప్రీంకోర్టు 2021లో ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తి ఖరారు చేసింది: ప్రాథమిక స్థాయిలో పది మంది పిల్లలకు ఒకరు, ఆపైన పదిహేను మందికి ఒకరు. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చిలో పోస్టులు ప్రకటించి తీరాలని మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఆ తర్వాతే ఆంధ్రప్రదేశ్ 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసింది. మంచిదే. అయితే అవి ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), స్కూల్ అసిస్టెంట్ అనే బోధన పోస్టులు. ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు ఆ లెక్కలో లేరు, కోర్టు చెప్పిన నిష్పత్తిలోనూ లేరు. కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి బడి విద్యా పథకమైన సమగ్ర శిక్షా వార్షిక ప్రణాళికలు ఢిల్లీకి వెళ్లే ముందు రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ మూడు నాలుగు మండలాలకు కలిపి ఒక్కొక్క ఆక్యుపేషనల్ థెరపిస్టును, స్పీచ్ థెరపిస్టును పూర్తికాలం జీతంతో అడగాలి. కేంద్రం కాదంటే సొంత బడ్జెట్‌లో పెట్టుకోవాలి. సెన్సరీ గదుల ప్రతిపాదనలు ఆ పేజీ తర్వాత జతచేయవచ్చు.