గడియారం సెంటర్ అకడమిక్ కౌన్సిల్

డిగ్రీలో ఎవరు ఏం చదవాలో ఎవరు నిర్ణయిస్తారని అడిగితే అమాయకులు యూజీసీ పేరు చెబుతారు. కాస్త లోకజ్ఞానం ఉన్నవాళ్లు ఉన్నత విద్యామండలి అంటారు. నల్లగొండ వాళ్లకు మాత్రం అసలు సంగతి తెలుసు. జిరాక్స్ మిషన్ పక్కన కూర్చుని, ఒక చేత్తో లామినేషన్ చేస్తూ ఇంకో చేత్తో డిగ్రీ అడ్మిషన్ల దోస్త్ వెబ్‌సైట్ తెరిచే నెట్ సెంటర్ ఆపరేటరే మన విద్యామండలి. ఇక్కడ మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో వచ్చింది. పాలమూరులో 2008లో వచ్చింది. 2016లో డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్ అయ్యాక యూనివర్సిటీలకు మిగిలింది సర్టిఫికెట్ మీద సంతకం ఒక్కటే.

మొన్న గడియారం సెంటర్ దగ్గర ఆ మండలి సమావేశాన్ని కళ్లారా చూసే భాగ్యం కలిగింది. నేను వెళ్లింది పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్ కోసం. నా ముందు ఇంటర్‌లో ఎంఈసీ, అంటే మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్ పాసైన ఓ అమ్మాయి, వాళ్ల నాయన. మెమోకు మడత కూడా పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చింది. "అన్నా, ఫస్ట్ ఆప్షన్ మ్యాథ్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ పెట్టు" అన్నది.

ఆపరేటర్ మౌస్ వదిలేశాడు.

"ఏంది చెల్లె? మ్యాథ్స్, ఎకనామిక్స్ ఒక్కదాంట్ల ఎట్లుంటయి? మ్యాథ్స్ సైన్సోళ్లది. ఎకనామిక్స్ ఆర్ట్సోళ్లది."

అలా ఎజెండా చర్చకు వచ్చింది. కోరం నిండుగానే ఉంది. ఆధార్‌కు ఫోన్ నంబర్ లింకు చేయించుకోవడానికి వచ్చిన ముసలాయన, లైసెన్స్ స్లాట్ కోసం వచ్చిన ఆటో డ్రైవర్, కరెంటు బిల్లు పట్టుకొచ్చిన రిటైర్డ్ సారు, సభ్యత్వం లేని పరిశీలకుడిగా నేను.

ముందు ఆటో డ్రైవర్ తన పరిశోధనా ఫలితాలు సమర్పించాడు. "మా బామ్మర్ది కొడుకు ఎకనామిక్సే సదివిండు. ఇప్పుడు పెట్రోల్ బంకుల చేస్తుండు." ఒక్క శాంపిల్‌తో ఇంత గట్టి నిర్ధారణకు రావడం స్టాటిస్టిక్స్ వాళ్ల వల్ల కూడా కాదు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ముసలాయన "నౌకరేమొస్తది బిడ్డా?" అన్నాడు. అమ్మాయి నోరు తెరిచేలోపే ఆయనే "ఏం రాదు" అని జవాబు కూడా చెప్పుకున్నాడు. తర్వాత రిటైర్డ్ సారు గొంతు సవరించుకుని, సభ ఎదురుచూస్తున్న సిద్ధాంతాన్ని ఆవిష్కరించారు.

"చూడమ్మా, మ్యాథ్స్ వస్తే ఇంజినీరింగ్ చదవాలె. రాకపోతే ఎకనామిక్స్ చదవాలె. రెండూ చదువుతనంటున్నవ్. ఇంతకూ నీకు మ్యాథ్స్ వచ్చినట్టా, రానట్టా?"

ఆ అమ్మాయి దగ్గర దీనికి సమాధానం లేదు. ఎవరి దగ్గరా ఉండదు. నాయన మధ్యలో కల్పించుకుని "ఎంఈసీ అంటే సీఏ అయితది అన్నరు సారూ కాలేజీల, అందుకే ఏసినం" అని మెల్లగా అన్నాడు. సీఏ వేరు, డిగ్రీ వేరు అని ఆయనకు చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాల్లో ఆపరేటర్ ఖాళీగా లేడు. "బీకాం కంప్యూటర్స్ పెట్టేస్తున్న చెల్లె, అందరు గదే పెడుతున్నరు. ఓటీపీ చెప్పు కాకా" అన్నాడు. నాయన ఫోన్ తీసి ఒక్కో అంకె చదివాడు. తీర్మానం మూజువాణి ఓటుతో నెగ్గింది. అమ్మాయి తన మెమోను మళ్లీ కవర్లో పెట్టుకుంది. ఆమె ఓటు అవసరం పడలేదు.

ఈ కౌన్సిల్ లేకపోవడం వల్ల పాపం ఇంగ్లండ్‌లో ఎంత అనర్థం జరిగిందో గమనించాలి. ఆర్థికవేత్తగా పేరు మోగిన కీన్స్ కేంబ్రిడ్జిలో డిగ్రీ చేసింది గణితంలో. 1905 నాటి గణిత పరీక్షలో ఆయనది పన్నెండో స్థానం. ఆయనకు ఎకనామిక్స్ చెప్పిన మార్షల్ 1865లో అదే పరీక్షలో రెండో స్థానంలో నిలిచాడు. ఎవరూ ఆపకపోవడంతో ఇద్దరూ ఎకనామిక్స్‌లోకి వచ్చిపడ్డారు. కాబ్ అనే లెక్కల మాస్టారు, డగ్లస్ అనే ఆర్థికవేత్త 1928లో ఒకచోట కూర్చుని రాసిన సమీకరణాన్ని నేటికీ ఎకనామిక్స్ పిల్లలు బట్టీ పడుతున్నారు. 1975లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్నవాళ్లలో కాంటొరోవిచ్ అనే గణితవేత్త ఉన్నాడు. అంత దూరం ఎందుకు, ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌లో చేరాలంటే మ్యాథ్స్ లేకుండా గేటు కూడా దాటనివ్వరు. వాళ్లకు మన రిటైర్డ్ సారు తగల్లేదు.

అసలు విడ్డూరం ఇంటర్‌లోనే ఉంది. ఎంఈసీ ఫస్టియర్‌లో ఎకనామిక్స్ సారు క్షీణోపాంత ప్రయోజన సూత్రం చెబుతాడు. ఒక మనిషి వరసగా పండ్లు తింటూ పోతాడు. ఒక్కో పండుకు వచ్చే తృప్తి తగ్గుతూ, ఒక దగ్గర సున్నా అవుతుంది. సరిగ్గా అక్కడే మొత్తం తృప్తి గరిష్ఠం. పట్టిక గీసి, రేఖ గీసి, పది మార్కులు తెచ్చుకోవాలి. గంట కొడతారు. అదే బెంచీ, అదే అమ్మాయి. మ్యాథ్స్ సారు వచ్చి వన్-బీ పేపర్లో గరిష్ఠ, కనిష్ఠ విలువలు మొదలుపెడతాడు. "ఎఫ్ డ్యాష్ ఆఫ్ ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు జీరో" అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కొడతాడు. ఇందాక పండ్లు తిన్న మనిషి ఆగింది ఇదే సున్నా దగ్గర. ఆ ముక్క ఈ సారూ చెప్పడు, ఆ సారూ చెప్పడు. స్టాఫ్‌రూంలో పక్కపక్కనే కూర్చుని టీ తాగుతారు, డీఏ బకాయిల గురించి మాట్లాడుకుంటారు, ఈ సున్నా గురించి మాత్రం చచ్చినా మాట్లాడుకోరు.

బయటికొస్తే బత్తాయి తోటలు. రేటు బాగుందని ఈ ఏడాది మొక్క పెడితే కాపు చేతికొచ్చేది నాలుగైదేళ్లకు. అదే రేటు చూసి పక్కూరూ పెట్టింది, ఆ పక్కూరూ పెట్టింది. అందరి కాయా ఒక్కసారే మార్కెట్‌కు వస్తుంది, రేటు పడిపోతుంది, తరుగు తీసేస్తే కోత కూలీ కూడా గిట్టదు. కడుపు మండి చెట్లు కొట్టేస్తారు. సరుకు తగ్గుతుంది, రేటు లేస్తుంది, మళ్లీ మొక్కలు. కాల్డోర్ అనే ఆయన 1934లోనే దీనికి సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టాడు. రేటుకు రైతు ఎంత స్పందిస్తాడు, కొనేవాడు ఎంత స్పందిస్తాడు అన్న రెండు అంకెలను బట్టి ఈ ఊగిసలాట సద్దుమణుగుతుందా, ముదురుతుందా అన్నది కాగితం మీదే తేలిపోతుంది. మన దగ్గర మాత్రం దీన్ని తలరాత అంటాం.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ప్రామిసరీ నోటు దగ్గరికి వచ్చేసరికి నవ్వు రావడం లేదు.

యాభై వేల అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 1,500, ఏడాదికి 18,000. నోటు మీద కోర్టుకెక్కడానికి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. అందుకని గడువు తీరకముందే అప్పిచ్చినాయన పెళ్లిపిలుపుకు వచ్చినంత మర్యాదగా ఇంటికొచ్చి "నోటు తిరగరాద్దాం" అంటాడు. అసలు 50,000, వడ్డీ 54,000, కొత్త నోటు మీద అసలు 1,04,000. రెవెన్యూ స్టాంపు మీద వేలిముద్ర. ఇంకో మూడేళ్లకు 2,16,320. పాత అసలు మీదే వడ్డీ నడిచి ఉంటే ఆరేళ్లకు అయ్యేది 1,58,000. మధ్యలో వేసిన ఆ ఒక్క వేలిముద్ర ఖరీదు 58,320 రూపాయలు. వడ్డీకి వడ్డీ ఎలా పుట్టిందో మ్యాథ్స్ చెబుతుంది. కౌలు రైతు బ్యాంకు గడప ఎందుకు ఎక్కలేకపోయాడో, నూటికి మూడు రూపాయలకు ఎందుకు తలవంచాడో ఎకనామిక్స్ చెబుతుంది. ఒక్కటే తెలిస్తే సగం మోసమే కనబడుతుంది. అప్పిచ్చినాయన ఏ డిగ్రీ లేకుండానే ఈ రెండింటిలో పండిపోయాడు. తీసుకున్నవాడి బిడ్డ చదువుతానంటే మనం ఓటింగ్ పెట్టి ఓడించాం.

పాలమూరులో ఇదే కథ ఇంకో వేషంలో ఉంటుంది. కూలీలను పనికి తోలుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో ముంబై వరకూ పోయి, రెక్కలు ముక్కలు చేసుకుని వచ్చాక "ఇంకా నువ్వే బాకీ" అంటే నోరెత్తకుండా తలూపిన తరాలున్నాయి. లెక్క రాసిన పుస్తకం మేస్త్రీ జేబులో ఉంటుంది. ఆ పుస్తకం లాక్కుని, ఈ కూడిక ఎట్లా వచ్చింది, మా కూలీ రోజుకు ఎంత కట్టావు, అడ్వాన్సు మీద ఎంత లాగావు అని అడగగల పిల్ల ఇంటికొకరు తయారైతే ఎవరికి నష్టం? ఉద్యోగం ఏమొస్తదని అడిగే పెద్దలు ఈ ప్రశ్న ఎందుకు అడగరు?

అడగరు. అడగకపోగా, కోర్సునే మాయం చేస్తారు. చెప్పేవాళ్లు లేరని పిల్లలు చేరరు, పిల్లలు చేరలేదని పోస్టు నింపరు, గంటల లెక్కన జీతమిచ్చే గెస్ట్ లెక్చరర్‌తో ఒక ఏడాది నెట్టుకొచ్చి, ఆ ఏడాది తర్వాత ఆ కాంబినేషన్‌ను జాబితాలోంచి లేపేస్తారు. ఒక్కడు కదిలితే వాడికే నష్టం కాబట్టి ఎవరూ కదలని ఇలాంటి స్థితి మీద పనిచేసినందుకే నాష్ అనే గణితవేత్తకు 1994లో ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు. మనవాళ్లు అంత లోతుకు పోకుండా ఫైలు మీద ఒక్క ముక్క రాసి మూసేస్తారు: "విద్యార్థులు ఆసక్తి చూపడం లేదు."

చూపనిచ్చిందెవరయ్యా?