డెస్క్‌టాప్ కొనుక్కోవచ్చుగా అక్కా!

నిన్న పొద్దున్నుంచి ఈ రాత్రి తొమ్మిదింటి దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు, తిట్టని కంపెనీ లేదు. చివరికి తేలిందేమిటయ్యా అంటే, మా పిన్ని కొడుకు ఫోన్ ఛార్జింగ్ కోసం నా ల్యాప్‌టాప్‌కున్న కేబుల్ పీక్కుపోయాడు. పీక్కుపోయి ఊరుకున్నా బాగుండేది, రెండు నిమిషాల్లో దొరికిపోయేవాడు. మంచి పిల్లాడు కదా, అక్కకి ఇబ్బంది కలగకూడదని ఆ చోట్లో తన ఫోన్ కేబుల్ గుచ్చి పెట్టాడు. రెండూ నలుపే, రెండూ టైప్-సీనే. టేబుల్ వెనక నుంచి వచ్చే వైరు కాబట్టి నాకు కనిపించేది ప్లగ్గు ఒక్కటే. ఆ ప్లగ్గుల్ని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

సంగతి బయటపడ్డాక వాడు సారీ చెప్పాడనుకుంటున్నారా? “అయినా ఈ తిప్పలన్నీ ఎందుకక్కా, డెస్క్‌టాప్ కొనుక్కోవచ్చుగా” అన్నాడు. నేను పెట్టిన టీ తాగుతూ.

అందుకే ఈ పోస్ట్. నా ఫ్రెండ్ లిస్టులో సగం మంది ఇప్పటికే మనసులో ఇదే మాట అనుకుంటూ ఉంటారని తెలుసు. మీక్కూడా కలిపే చెబుతున్నా, ఆగండి.

నాది సన్నటి ల్యాప్‌టాప్. బొమ్మల లెక్కలు చకచకా చేసే గ్రాఫిక్స్ కార్డ్ విడిగా లేదు. అందుకని టేబుల్ మీద కార్డుని బయటే బిగించుకునే మూత లేని డాక్ ఒకటి, దానిలో నిటారుగా నిలబడ్డ 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, పక్కనే దానికి కరెంటు ఇవ్వడానికి ఒక ఎస్‌ఎంపీఎస్. వీటన్నిటికీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఒకే ఒక్క థండర్‌బోల్ట్ కేబుల్, అంటే డేటా చాలా వేగంగా మోసే టైప్-సి రకం. వాడు పీక్కుపోయింది దాన్నే. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ “బోరు మోటారు విప్పి ఇంట్లో పెట్టుకున్నావేంటే” అంది. అమ్మ అన్నా పరవాలేదు, అమ్మ డెస్క్‌టాప్ కొనుక్కోమనలేదు.

నా పని తెలుసుగా, కట్టని ఫ్లాట్లకి బొమ్మలు చెయ్యడం. వైట్‌ఫీల్డ్ అవతల ఇంకా పునాదులు కూడా తియ్యని చోట బాల్కనీ, ఆ బాల్కనీలో సాయంత్రపు ఎండ, మనీ ప్లాంటు, సోఫాలో కూర్చుని దేనికో తెగ నవ్వుతున్న కుటుంబం. అవన్నీ బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో నేను పెట్టినవే. ఈసారి 20 సెకన్ల వాక్‌త్రూ, అంటే ఇంట్లో నడుస్తూ చూసినట్టుండే వీడియో. సెకనుకి 24 చొప్పున 480 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమునీ లెక్కగట్టి బొమ్మగా మార్చాలి, దాన్నే రెండర్ అంటాం. కార్డు మీద ఫ్రేముకి రెండు నిమిషాలు, మొత్తం 16 గంటలు. రాత్రి తొమ్మిదింటికి మొదలెడితే మర్నాడు భోజనాల వేళకి చేతికొస్తుంది. అదే ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కి అప్పగిస్తే ఫ్రేముకి 25 నిమిషాలు, మొత్తం 200 గంటలు. అంటే ఎనిమిది రోజుల పైన. నేను ఇవ్వాల్సింది ఎల్లుండి పొద్దున.

నిన్న పొద్దున ఆన్ చేస్తే కార్డు లేదు. ఎర్రర్ వచ్చినా ధైర్యంగా ఉండేది. కంప్యూటర్‌కి తగిలించిన పరికరాల జాబితా ఉంటుందే, ఆ డివైస్ మేనేజర్‌లో అసలు దాని పేరే లేదు.

ఎర్రర్లు నాకు కొత్త కాదు. మొదటిసారి బిగించినప్పుడు మూడు వారాలు కోడ్ 12 అనే విండోస్ ఎర్రర్‌తో కాపురం చేశా. దాని అర్థం ఏంటంటే, ప్రతి పరికరానికీ కంప్యూటర్ మెమరీ అడ్రసుల్లో కొంత జాగా కావాలి. గ్రాఫిక్స్ కార్డుకి ఇంకా పెద్ద జాగా కావాలి. ల్యాప్‌టాప్ చేసినవాడు బయట నుంచి ఇంత పెద్ద చుట్టం వస్తాడని ఊహించలేదు, అందుకని “బెడ్లు ఖాళీ లేవు” అని పీజీ ఓనర్‌లా తలుపేస్తుంది. బయోస్, అంటే కంప్యూటర్ లేవగానే ముందు నడిచే ప్రోగ్రాము, అప్‌డేట్ చేసి, ఎప్పుడూ వాడని మెమరీ కార్డ్ రీడర్‌ని డిసేబుల్ చేస్తే గానీ లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత కోడ్ 43, అంటే పరికరంలో ఏదో తేడా ఉందని విండోస్ దాన్ని ఆపెయ్యడం. అది పాత డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) ముక్కలు మిగిలిపోయి వచ్చింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్‌ని వేళ్లతో సహా పీకేసి మళ్లీ వేశా. ఇవన్నీ దాటొచ్చిన మనిషిని నేను. ఇంత అనుభవం ఉంది కాబట్టే కేబుల్ వైపు చూడలేదు, మిగతా దిక్కులన్నీ వెతికా. డ్రైవర్లు తీసి వేశా. బయోస్‌లో థండర్‌బోల్ట్ సెట్టింగులు ఒక్కొక్కటీ మార్చి మళ్లీ మార్చా. కార్డు ఊడదీసి, బంగారు రంగు పళ్లని మెత్తటి రబ్బరుతో తుడిచి, ‘టిక్’ మని వినిపించేదాకా మళ్లీ నొక్కా.

కేబుల్ చూడొచ్చుగా అని తెలివిగా అడిగేవాళ్లకి జవాబు. ఆ కేబుల్ మీదుగానే డాక్ నుంచి ల్యాప్‌టాప్ ఛార్జ్ అవుతుంది. నిన్నంతా శుభ్రంగా ఛార్జ్ అయింది! డాక్ మీద లైటు వెలుగుతోంది. బ్యాటరీ 100 చూపిస్తోంది. ఇక కేబుల్‌ని ఎవరు అనుమానిస్తారు? కార్డు ఫ్యాన్లు తిరగట్లేదు, కానీ నా కార్డు చల్లగా ఉన్నంతసేపూ ఫ్యాన్లు మామూలుగానే తిరగవు. బతికుందో పోయిందో నాడి పట్టుకుని చూడ్డానికి కూడా లేదు.

దాంతో అనుమానం కార్డు మీదికే పోయింది. సెకండ్ హ్యాండ్‌ది మరి. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, కార్డులతో దాన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబగళ్లు మగ్గిన కార్డులు గంపలకొద్దీ బజార్లోకి వచ్చాయి. నాకు అమ్మినవాడు “అప్పుడప్పుడూ గేమ్ ఆడేవాణ్ణి మేడం, అంతే” అన్నాడు. అబ్బాయికి ఏ అలవాట్లూ లేవండీ అని పెళ్లిళ్ల పేరయ్య అన్నట్టే. పందొమ్మిది వేలు పోసి తెచ్చుకుని, అప్పట్నుంచీ అది దగ్గినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నా.

నిన్న మధ్యాహ్నం డాకూ కార్డూ ఎస్‌ఎంపీఎస్సూ సంచిలో వేసుకుని ఎస్పీ రోడ్డుకి వెళ్లా. మొయ్యడానికి సాయం అని తమ్ముణ్ణి తీసుకెళ్లా. కంప్యూటర్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్డు సంగతి బెంగళూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆటో దిగిన దగ్గర్నుంచి “మేడం ల్యాప్‌టాప్, సీసీటీవీ, ప్రింటర్” అని చేతులు పట్టుకుని లాగినంత పని చేస్తారు. తీరా కొట్లోకి వెళ్లి కూర్చున్నాక అదే మేడం మాయమైపోతుంది. సంచి నా ఒళ్లో ఉంది, సమస్య చెప్పింది నేను. కొట్టు ఆయన మాత్రం మావాడి వైపు తిరిగి “సార్, ఏ గేమ్ ఆడతారు?” అన్నాడు. గ్రాఫిక్స్ కార్డ్ అంటే గేమ్, గేమ్ అంటే మగపిల్లాడు. వీడు నా వైపు చూపించొచ్చుగా? లేదు, ఏవేవో గేముల పేర్లు చెప్పడం మొదలెట్టాడు! నాలుగేళ్లుగా నేను రెండర్ చేసి సంపాదించిన డబ్బుతో కొన్న కార్డు మీద వీడు రివ్యూ ఇచ్చాడు. ఎస్‌ఎంపీఎస్ పరీక్ష చేసి బాగుందన్నారు. రెండు వందలు తీసుకున్నారు. ఆ రెండు వందలు మాత్రం నన్నే అడిగారు.

అన్నిటికంటే కాలిపోయే సంగతి ఇప్పుడు. ఆ కొట్లో మేం కూర్చున్న ముప్పావు గంటా నా అసలు కేబుల్ వాడి భుజానికున్న బ్యాగులో ఉంది. పవర్ బ్యాంక్‌కీ ఫోన్‌కీ మధ్య పడుకుని ఉంది. సెకనుకి 40 గిగాబిట్ల డేటా మోసే కేబుల్‌తో వాడు ఫోన్ ఛార్జ్ చేసుకుంటూ రీల్స్ చూశాడు. వాడి కేబుల్ సంగతి అంటారా, 480 మెగాబిట్లు. ఎనభై రెట్లకి పైగా తేడా. తేడా కూడా కాదు, కార్డుకి కావలసిన తీగలే అందులో ఉండవు, కరెంటు తీగలూ పాతకాలపు డేటా తీగలూ తప్ప. ల్యాప్‌టాప్ ఛార్జ్ అయింది అందుకే, కార్డు కనిపించనిదీ అందుకే.

ఎలా దొరికాడో తెలుసా? ఇందాక సోఫాలో పడుకుని వాడే అన్నాడు, “ఈ కేబుల్ ఏంటక్కా ఇంత బిర్రుగా ఉంది, అస్సలు వంగట్లేదు” అని. లాక్కుని చూశా. ప్లగ్గు మీద, నల్లటి ప్లాస్టిక్‌లో బూడిద రంగుతో, చీమ తలకాయంత మెరుపు గుర్తు. పక్కన 4 అంకె. అంతే. నా రెండు రోజుల జీవితానికీ వాడి ఫోన్ ఛార్జింగ్‌కీ మధ్య ఉన్న తేడా మొత్తం ఆ చీమ తలకాయ.

ఈ టైప్-సి పెట్టినవాళ్లని ఏమనాలి? యూరప్‌లో 2024 డిసెంబరు 28 నుంచి అమ్మే కొత్త ఫోన్లన్నిటికీ ఒకటే ఛార్జింగ్ పోర్టు అంటే నేనూ చప్పట్లు కొట్టా. రంధ్రం ఒకటే అయితే సరిపోయిందా? ఒక దాంట్లోంచి ఛార్జింగే వస్తుంది, ఇంకోదాంట్లోంచి మానిటర్ నడుస్తుంది, మరోదాంట్లోంచి గ్రాఫిక్స్ కార్డ్ నడుస్తుంది. అన్నీ ఒకే మొహం. ఇక పేర్లు సరేసరి. యూఎస్‌బీ 3.0 అన్నారు, 5 గిగాబిట్లు. దాన్నే 3.1 జెన్ 1 అన్నారు. మళ్లీ దాన్నే 3.2 జెన్ 1 అన్నారు. వేగం అదే అయిదు. ఒకే పిల్లాడికి మూడు బారసాలలు, మూడుసార్లూ మనమే చదివింపులు. పోనీ యూఎస్‌బీ 4 అని ఉంటే అయినా గ్రాఫిక్స్ కార్డ్ పనిచేస్తుందా అంటే, అది తయారీదారు ఇష్టమట, పెడితే పెడతాడు, లేకపోతే లేదు.

ఇంకో రకం జ్ఞానులున్నారు. “థండర్‌బోల్ట్‌లో కార్డు సామర్థ్యం పోతుంది కదండీ” అంటారు. పోతుంది బాబూ, గేముల్లో పోతుంది. క్షణక్షణం అటూ ఇటూ డేటా తిరగాలి, పైగా ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదే చూస్తే బొమ్మ మళ్లీ అదే కేబుల్‌లోంచి వెనక్కి రావాలి. నా సీను ఒక్కసారి కార్డు మెమరీలోకి ఎక్కి కూర్చుంటే ఆ తర్వాత లెక్కంతా అక్కడే జరుగుతుంది. కేబుల్‌కి పెద్ద పని లేదు. అందుకే ఇది కొన్నా. ఆలోచించే కొన్నా. అడగకుండా సలహా ఇచ్చేముందు ఎదుటి మనిషి కూడా ఆలోచించి ఉండొచ్చని ఎందుకు తోచదో!

సరే, డెస్క్‌టాప్. డెస్క్‌టాప్ కొనుక్కోవచ్చుగా అక్కా. కొన్నానురా! నా దగ్గర ఉండేది డెస్క్‌టాప్!

అయిదేళ్లలో నాలుగు ఇళ్లు మారా. ఇక్కడ అగ్రిమెంటు 11 నెలలు, ఎందుకంటే ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి. 11 నెలలు కాగానే అద్దె పెంచుతారు, లేదా వాళ్ల అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడంటారు. కగ్గదాసపుర నుంచి ఇక్కడికి మారినప్పుడు సామాన్లవాళ్లు డెస్క్‌టాప్‌ని పరుపుల మధ్య అడ్డంగా పడేసి తెచ్చారు. కిలో పైన బరువున్న కార్డు లోపల ఊగి ఊగి మదర్‌బోర్డు స్లాట్ పగిలింది. అద్దం తలుపు సంగతి చెప్పక్కర్లేదు, మూడు రోజులు గాజు పెంకులు ఏరుకున్నా.

అదీ పోనీ. ఆ పాత ఇంటి ఓనరు అంకుల్. మన కర్నూలు వాళ్లే. “మనవాళ్లేగా అమ్మా, నువ్వు మా అమ్మాయి లాంటిదానివి” అని పది నెలల అద్దె అడ్వాన్సు తీసుకున్నాడు. ఖాళీ చేసే రోజు గోడలన్నీ టార్చి లైటు వేసి చూశాడు, సొంత అమ్మాయి పెళ్లిచూపుల్లో కూడా అంతలా చూసి ఉండడు. కంప్యూటర్ టేబుల్ వెనక గోడ మీద అరచేతి వెడల్పు నల్లమచ్చ. “కంప్యూటర్ వేడికి గోడ పాడైందమ్మా, ఇల్లంతా పెయింట్ వేయించాలి” అని నెల అద్దె, అక్షరాలా 18 వేలు, కోశాడు. అరచేతి మచ్చకి ఇల్లంతా ఎందుకంకుల్ అంటే, షేడ్ కలవదట. ఎండాకాలం మూడు గీజర్లు వేసుకునే ఇంట్లో నా కంప్యూటరే పాపం చేసింది. ఒక్క గీజరే 2000 వాట్లు, నా కార్డు మహా అయితే 170.

రెండు నెలల తర్వాత నా ఉత్తరం ఏదో అక్కడికి పోతే తెచ్చుకోవడానికి వెళ్లా. కొత్తగా దిగిన పిల్లలు తలుపు తీశారు. వాళ్ల టీవీ పక్కన, తెల్లారి సూర్యుడిలా, నా నల్లమచ్చ. అలాగే ఉంది. చుక్క పెయింట్ పడలేదు! రేపు వాళ్ల దగ్గర కూడా అదే మచ్చ చూపించి ఇంకో 18 వేలు కోస్తాడు. ఒక్క మచ్చ మీద ఆయన ఎంత సంపాదిస్తాడో, నేను 480 ఫ్రేములు రెండర్ చేసినా అంత రాదు.

కాబట్టి బాబూ, నేను డెస్క్‌టాప్ కొనను. ఓనరు ఖాళీ చెయ్యమంటే కార్డు తీసి టవల్లో చుట్టి, ల్యాప్‌టాప్ భుజానికి తగిలించుకుని, ఎస్‌ఎంపీఎస్ ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కేస్తా. గోడకి రెండడుగుల దూరంలో పెట్టుకున్నా డాక్‌ని, మచ్చ పడే ప్రసక్తే లేదు.

ప్రస్తుతం కేబుల్ రెండు చివర్లకీ ఎర్ర నెయిల్ పాలిష్ పూశా. రెండు పూతలు. రెండర్ మొదలైంది, పదిహేడో ఫ్రేము నడుస్తోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఆ చప్పుడు వింటుంటే కడుపు నిండినట్టుంది. తమ్ముడు కోపం పోగొట్టడానికి ఉప్మా చేస్తానన్నాడు. చేశాడు కూడా. మిక్సీకి ప్లగ్గు ఖాళీ లేదని ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గరికి వెళ్తున్నాడు, ఉండండి, ఒరేయ్ అది ముట్టుకోకు