స్కానింగ్ నార్మల్ అంటే పేగు జబ్బు లేనట్టేనా?

"నెలలు నిండని బిడ్డకు పొట్ట ఉబ్బితే ఎక్స్‌రే తీయనివ్వకండి, రేడియేషన్. అల్ట్రాసౌండ్ చాలు. అది నార్మల్ అయితే పేగు జబ్బు లేనట్టే. పేగు గోడలో గాలి కనబడితే మాత్రం ఆపరేషన్ ఖాయం." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇందులో చెబుతున్న జబ్బు నెక్రొటైజింగ్ ఎంటెరోకొలైటిస్, వార్డులో అందరూ అనేది ఎన్‌ఈసీ. పేగు గోడ వాచి, ముదిరితే కొంత భాగం చచ్చిపోతుంది.

రేడియేషన్ సంగతి తొందరగా తేలిపోతుంది. పసిబిడ్డ పొట్టకు తీసే ఒక ఎక్స్‌రే మోతాదు చాలా తక్కువ, కొన్ని రోజుల్లో ప్రకృతి నుంచి మనందరికీ అందేంత. అనవసరంగా తీయకూడదన్నది నిజమే. అనుమానం ఉన్నప్పుడు వద్దనడం వేరు.

అసలు ప్రమాదం "నార్మల్ అయితే లేనట్టే" అనే మాటలో ఉంది. అల్ట్రాసౌండ్ గొప్పతనాన్ని నేను కాదనను. పేగు గోడ మందం, పేగు కదలిక, కలర్ డాప్లర్‌తో రక్తప్రసరణ, పొట్టలో చేరిన చిక్కటి ద్రవం ఇందులో తెలుస్తాయి. ఎక్స్‌రేలో ఇవి సరిగా తెలియవు. మామూలుగా ఆ గోడ 1 నుంచి 2.6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. జబ్బులో మొదట దళసరి అవుతుంది, పేగు చచ్చిపోతున్నప్పుడు పలచబడుతుంది. అంటే మధ్యలో ఎప్పుడో కొలిస్తే మామూలు అంకె రావచ్చు! అందుకే మందం ఒక్కటే చూస్తే సరిపోదు. పైగా పేగుల్లో గాలి ఎక్కువైతే దాని వెనకున్నది కనబడదు. చేసేవారి అనుభవాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. జబ్బు గుర్తులు కనబడితే అది బలమైన ఆధారం. కనబడకపోతే మాత్రం జబ్బు లేదని తేలినట్టు కాదు. మలంలో రక్తం, పాలు అరగకపోవడం, ఊపిరి ఆగి ఆగి రావడం లాంటివి ఉంటే డాక్టర్లు పాలు ఆపి, మళ్లీ మళ్లీ చూస్తూనే ఉంటారు.

పేగుకు చిల్లు పడిందా అని చూడటానికి బిడ్డను ఎడమ పక్కకు పడుకోబెట్టి ఎక్స్‌రే తీస్తారు. బయటికొచ్చిన గాలి లివర్ పైకి చేరి కనబడుతుంది. ఈ పనికి ఎక్స్‌రేను ఇంకా ఎవరూ పక్కన పెట్టలేదు.

ఇక గోడలో గాలి. 1978లో బెల్ అనే సర్జన్ బృందం ఈ జబ్బు తీవ్రతకు చెప్పిన దశల్లో ఇది రెండోదానికి గుర్తు. జబ్బు ఖాయమైనట్టే, కానీ ఆపరేషన్ ఖాయమైనట్టు కాదు. చాలామందికి పాలు ఆపి, పొట్టలోకి గొట్టం వేసి, యాంటీబయాటిక్స్ ఇస్తారు. చిల్లు పడితేనో, పేగు చచ్చిపోయిందని తేలితేనో సర్జన్ పని పడుతుంది. కాబట్టి డాక్టర్‌ను "గాలి ఉందా?" అని అడిగి ఊరుకోకండి. పేగుకు రక్తం అందుతోందా, కదులుతోందా, మళ్లీ ఎప్పుడు చూస్తారు అని కూడా అడగండి.