సింగ్‌నగర్‌లో పెన్సిల్వేనియా

2024 నవంబరు 5న నాగుల చవితి. అమ్మమ్మతో వెళ్లి పుట్టలో పాలు పోసి వచ్చాను. మర్నాడు పొద్దున ఆరున్నరకు అమెరికాలో మేముండే పెన్సిల్వేనియా రాష్ట్రంలో అధ్యక్ష ఎన్నికల పోలింగ్ ముగిసింది. విజయవాడ సింగ్‌నగర్‌లో అప్పుడే పాలవాడు గేటు కొడుతున్నాడు. సెప్టెంబరులో బుడమేరు వరద నీరు నిలిచిపోయిన గుర్తు హాలు గోడ మీద నడుమెత్తున ఇంకా ఉంది. సరిగ్గా ఆ గీత పైన టీవీ.

నేను పుట్టింది అమెరికాలో, పదేళ్లు వచ్చేదాకా పెరిగింది ఈ ఇంట్లో. అధ్యక్ష ఎన్నికలో ఓటు వేయడం నాకు ఇదే మొదలు. విమానం ఎక్కకముందే, అక్టోబరులో, పోస్టులో పంపేశాను. మా రాష్ట్రంలో బ్యాలెట్‌ను ముందు లోపలి కవరులో పెట్టాలి, దాన్ని పైకవరులో పెట్టి సంతకం చేసి తేదీ వేయాలి. అప్పట్లో తేదీ మరిచిపోతే ఓటు చెల్లేది కాదు. మూడుసార్లు చూసుకుని డబ్బాలో వేశాను. అమ్మమ్మ మాత్రం నా ఎడమ చూపుడు వేలు పట్టుకుని "సిరా ఏదీ?" అంది. అక్కడ పూయరంటే, మరి వేసినట్టు ఎవరికి తెలుస్తుందని అడిగింది.

మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా, పప్పన్నం కలుపుకుంటూ ఉంటే, పెన్సిల్వేనియా ట్రంప్‌దని తేలింది. అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు ఆ రాష్ట్రానికి 19, అన్నీ ఆయనకే. నేను కమలా హారిస్‌కు వేశాను. ఆమె గెలిచి తీరుతుందని నాకు నమ్మకమేమీ లేదు, అయినా ముద్ద దిగలేదు. ఓటమి కన్నా వింతగా బాధపెట్టింది వేరే సంగతి. కళ్లు మూసుకుని మా వీధిలో ఇల్లిల్లూ తలుచుకున్నాను. పొద్దున్నే కుక్కను తిప్పే ముసలాయన, చిన్నప్పుడు పియానో నేర్పిన ఆవిడ, మంచు పడితే అడగకుండానే మా వాకిలి కూడా ఊడ్చే కుర్రాడు. వీళ్లలో ఎవరు ఎటు వేశారో ఒక్కరి విషయమైనా చెప్పలేకపోయాను. రాష్ట్రం మొత్తం మీద తేడా సుమారు 1,20,000 ఓట్లని తరవాత తెలిసింది. ఆ లెక్క నాకు ఊరట కాలేదు.

సాయంత్రం నాలుగింటికి మొత్తం ఫలితం ఖాయమైంది. నాన్నకు ఫోను చేశాను. అక్కడ ఇంకా తెల్లవారలేదు. "ఎవరొస్తే మనకేమిటమ్మా, ఉద్యోగాలు చేసుకునేవాళ్లం" అన్నారు.

ఈ మాట అన్నది ఎవరు? అదే ఏడు జూన్ 4న, ఆంధ్ర అసెంబ్లీ ఫలితాల రోజు, సెలవు పెట్టి, రాత్రంతా మేలుకుని, గన్నవరంలో ఎంత మెజారిటీ, మైలవరంలో ఎంత అని వరసగా అప్పజెప్పిన మనిషి. 175 సీట్లలో కూటమికి 164, వైసీపీకి 11 అని ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ వారాంతంలో అమెరికాలో మా ఊళ్లో తెలుగువాళ్లు జెండాలు కట్టి కార్ల ఊరేగింపు కూడా తీశారు. తప్పని అనను, పుట్టిన ఊరి మీద మమకారం ఎక్కడికి పోతుంది? కానీ ఆ కార్లలో అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్లు, అక్కడ తాముండే ఊళ్లో బడులు నడిపే స్కూల్ బోర్డులో ఎవరున్నారో చెప్పలేనివాళ్లు ఎంతమందో లెక్కపెడితే బాగుండేది. అక్కడి మన తెలుగు సభల్లో వేదిక మీద రాజకీయాలు వద్దంటాం, భోజనాల దగ్గర ఆంధ్ర రాజకీయాలు తప్ప మరొకటి మాట్లాడం. నాలాంటి వాళ్లు నోరు తెరిస్తే "చదువు చూసుకో" అంటాం.

మామయ్య ఆ సాయంత్రం మిఠాయి పొట్లంతో వచ్చాడు. ఉషా వాన్స్ పూర్వికులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు కదా, "మన అమ్మాయి" ఉపాధ్యక్షుడి భార్య అవుతోందని సంబరం. హారిస్ తల్లి వైపు వాళ్లది తమిళనాడులోని తులసేంద్రపురం అని నేనంటే, "అది అరవ ఊరు" అని తేల్చేశాడు. ఆ లెక్కన నా ఓటు కూడా పరాయిదే.

అమ్మమ్మ తమలపాకు ఈనె తీస్తూ అందుకుంది. "అరవై తొమ్మిదిలో రాష్ట్రపతికి నీలం సంజీవరెడ్డి, వి.వి. గిరి పోటీ పడ్డారు. ఇద్దరూ మనవాళ్లే. ఎవరు గెలిచినా బాధేనని మా నాన్న వారం రోజులు పేపరు ముట్టుకోలేదు. ఓటేమో ఆయనది కాదు, ఎంపీలదీ ఎమ్మెల్యేలదీను." మామయ్య మిఠాయి నోట్లో వేసుకుని ఊరుకున్నాడు. ఆవిడ నావైపు తిరిగి, ఎవరికి వేశావని కాదు, "ఎందుకు వేశావే?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. గంటసేపు చెప్పాను. మధ్యలో రెండు చోట్ల ఆవిడ ఒప్పుకోలేదు, పోట్లాడింది కూడా.

ఏడాది తరవాత, పెన్సిల్వేనియాలో మా ఇంట్లో సంగతి. 2025 నవంబరు 4న మా ఊరి స్కూల్ బోర్డు ఎన్నిక. పోస్టులో ఓటు వేసేందుకు నాన్న పేర దరఖాస్తు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. ఏమీ అనలేదు. రెండు రోజులపాటు ఆయన కళ్లజోడు దాని మీదే ఉంది.