85 మిల్లీమీటర్ల దొరగారికి

గౌరవనీయులైన 85 మిల్లీమీటర్ల గారికి,

ఉభయకుశలోపరి. తమరి కుశలం వేరే అడగనక్కర్లేదు. చైనాలో రైలు పట్టాల మధ్య దూరం (గేజ్) 1435 మి.మీ., కజకిస్తాన్, రష్యా, బెలారుస్‌లలో 1520, పోలండ్‌లోకి రాగానే మళ్లీ 1435. ఆ తేడాయే తమరి కొంప. బెత్తెడు!

1904లో బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త మాకిండర్ గారు లండన్‌లో ఏమన్నారు? ఓడ సరుకుని నాలుగు చోట్ల ఎత్తిదించాలి, రైలు పెట్టె మాత్రం ఫ్యాక్టరీ గుమ్మం నుంచి గోదాం గుమ్మానికి నేరుగా పోతుంది, కాబట్టి ఇక రోజులు నేలవాళ్లవేనని. పాపం, ఆయన లెక్కలో తమరు లేరు. చైనా నుంచి జర్మనీకి పోయే కంటైనర్‌ని చైనా-కజకిస్తాన్ సరిహద్దులో ఖోర్గోస్‌లో ఓసారి, బెలారుస్-పోలండ్ సరిహద్దులో బ్రెస్ట్-మవాషెవిచె దగ్గర ఇంకోసారి క్రేన్‌తో బండి మార్చాల్సిందే. గుంతకల్లులో మీటర్ గేజ్ దిగి, పెట్టేబేడా నెత్తినెత్తుకుని బ్రాడ్ గేజ్‌కి పరిగెత్తిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

పోనీ పక్కనే మూడో పట్టా వేద్దామా అంటే, పట్టా అడుగే 150 మి.మీ. వెడల్పు. 85లో ఎక్కడ ఇముడుతుంది? నాలుగు పట్టాలూ పరవాలి. స్పెయిన్‌లో తేడా 233, జానెడు. అక్కడ మూడో పట్టాతో పని జరిగిపోతోంది. తమరు జానెడైనా పుట్టలేకపోయారు.

సరుకు రవాణా కాగితాలు కూడా అటు ఒక రకం, ఇటు ఒక రకం. పెద్ద ఓడ ఇరవై అడుగుల పెట్టెలు 24,000 మోస్తుంటే రైలు వంద దగ్గరే రొప్పుతుంది. అది తమరి తప్పు కాదు, వదిలేద్దాం.

కానీ 2025 సెప్టెంబరు? పోలండ్ బెలారుస్ సరిహద్దు మూసింది. దాదాపు రెండు వారాలు బళ్లు ఎక్కడివక్కడే. యెమెన్ హూతీ తిరుగుబాటుదారులు ఎర్రసముద్రంలో కొడితే ఓడలు ఆఫ్రికా చుట్టి పోయాయి. పది, పద్నాలుగు రోజులు ఆలస్యం, ఇంధనం దండగ, అయినా పోయాయి. నీళ్లకి గేజ్ లేదు మరి. రైలుకి చుట్టుదారి కావాలంటే క్రేన్లూ, రెండు గేజ్‌ల యార్డూ ఉన్న ఇంకో ఊరు వెతకాలి. ఏమయ్యా, బెత్తెడు లేవు, ఖండం మొత్తాన్ని ఒక్క యార్డు గొంతులో ఇరికించావు, సిగ్గనిపించదూ?

ఒక్కటి ఒప్పుకుంటా. 1941లో జర్మన్ సేననీ ఇలాగే కూర్చోబెట్టావు. ఒక పట్టా పీకి, లోపలికి జరిపి, మేకులు కొట్టుకుంటూ రావాల్సి వచ్చింది వాళ్లు. తీరా చూస్తే నీళ్ల స్టేషన్లు సోవియట్ ఆవిరి ఇంజన్లకి తగ్గట్టు దూరదూరంగా ఉన్నాయి, వాళ్ల ఇంజన్ల తొట్టి దారిలోనే ఎండిపోయింది. అప్పుడు నువ్వు 89. తర్వాత గేజ్‌ని 1524 నుంచి 1520కి దించితే నాలుగు తగ్గావు.

ఇంకో 85 తగ్గరాదూ?