ఫెలిసియానోను పేరుతో సరిపెట్టారు

2009 అక్టోబరులో వైట్‌హౌస్ పచ్చికలో జరిగి, పీబీఎస్ టీవీలో ప్రసారమైన 'ఫియెస్టా లాటినా' అనే లాటిన్ సంగీత కచేరీపై మీ వ్యాసం ఆసక్తిగా చదివాను. గాయకులు గ్లోరియా ఎస్తెఫాన్, మార్క్ ఆంథొనీల గురించి చక్కగా రాశారు. హొసే ఫెలిసియానోను మాత్రం జాబితాలో ఒక పేరుగా వదిలేయడం బాధ కలిగించింది. నా దృష్టిలో ఆ కచేరీకి బరువు తెచ్చింది ఆయనే.

ప్యూర్టోరికోలో పుట్టిన ఈ అంధ గాయకుడు 1968లో డెట్రాయిట్‌లో, బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మ్యాచ్‌కు ముందు, గిటార్ మీటుతూ అమెరికా జాతీయగీతాన్ని తన బాణీలో పాడారు. అప్పటికి ఆయన వయసు 23. జాతీయగీతాన్ని అవమానించాడంటూ జనం భగ్గుమన్నారు, ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కొన్ని రేడియో స్టేషన్లు ఆయన పాటలు వేయడమే మానేశాయి. అలాంటి మనిషిని 41 ఏళ్ల తర్వాత దేశాధ్యక్షుడే పిలిపించి పాడించుకున్నారు! ఈ మాట రాయకుండా లాటిన్ సంగీత ప్రభావం గురించి ఏం చెప్పినా వెలితే.

ఇంకొకటి. ఈ సంగీతం అమెరికాకు కొత్తగా వచ్చినట్టు రాశారు. 1940లలోనే న్యూయార్క్‌లో 'మచీతో' అనే గాయకుడి బృందం, సంగీత దర్శకుడు మారియో బౌసా సారథ్యంలో, జాజ్‌ను క్యూబా 'క్లావే' లయతో కలిపింది. క్లావే అంటే రెండు కర్రముక్కలతో కొట్టే ఐదే దెబ్బలు: ఒక ఆవర్తంలో మూడు, పక్కదానిలో రెండు. బాకాలు, పియానో, డోళ్లు అన్నీ దానికి కట్టుబడే నడుస్తాయి. బౌసా గురించి విడిగా ఒక వ్యాసం రాయండి, తప్పకుండా చదువుతాను.