సవరణ: ఎనభై శాతం కాదు, ఎనభయ్యో పర్సంటైల్

డిగ్రీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ప్రతిభా ఉపకార వేతనం గురించి రాస్తూ, ఇంటర్‌లో 80 శాతం మార్కులుంటే దరఖాస్తు చేయవచ్చని మొన్నటి పోస్టులో చెప్పాను. అది తప్పు. పథకం మార్గదర్శకాల్లో ఉన్నది 80వ పర్సంటైల్. రెండూ ఒకటేనని తొందరపడ్డాను.

తేడా చిన్నది కాదు. మన ఇంటర్ బోర్డులో, విద్యార్థి చదివిన విభాగంలో ఉత్తీర్ణులైన వారందరినీ మార్కుల వరుసలో నిలబెడితే, ప్రతి వంద మందిలో ముందున్న ఇరవై మందిలో విద్యార్థి ఉండాలి. కాబట్టి వెయ్యికి ఎనిమిది వందలన్న లెక్క ఇక్కడ పనికిరాదు. కటాఫ్ విభాగాన్ని బట్టి మారుతుంది. దేవరకొండ నుంచి ఒక తండ్రి ఫోను చేసి, "మా అమ్మాయికి 812 వచ్చాయి సార్, ఇక వచ్చినట్లేనా?" అని అడిగాకే నేను మార్గదర్శకాలు మళ్లీ తీసి చదివాను.

అప్పుడే, నేను అసలు రాయని సంగతి ఒకటి కనబడింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ మరో ఉపకార వేతనం గానీ పొందేవారికి ఇది వర్తించదు. నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో రీయింబర్స్‌మెంట్ మీదే చదివే పిల్లలు ఎందరో! ఇందులో వచ్చేది డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు. ఏది వదులుకోవాలో ముందే లెక్క వేసుకోండి.

కుటుంబ ఆదాయం 4.5 లక్షలు దాటకూడదని, రెగ్యులర్ కోర్సులో చేరి ఉండాలని, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలని రాసినవి సరైనవే. పాత పోస్టును ఎవరికైనా పంపి ఉంటే దీన్నీ పంపండి.